నోటికీ పువ్వుకీ మధ్య జానెడు దూరం

ఈగల్ని తినే మొక్క ఇంట్లో ఉందని చెప్తే, చూడ్డానికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు మూడే. ఏం తింటుంది? ఎంతసేపట్లో తింటుంది? వేలు పెడితే కరుస్తుందా? హైదరాబాద్‌లో మా బాల్కనీలో ఆరేళ్లుగా ఈ మొక్కలు పెంచుతున్నాను. ఇన్నేళ్లలో "ఇది పూస్తుందా?" అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పూస్తుంది. వీనస్ ఫ్లైట్రాప్ అయితే చలి తగ్గాక నడిమధ్య నుంచి ఒక కాడ లేపుతుంది. ఆకులు నేలకి అంటుకుని, నోళ్లు తెరుచుకుని పడుకుని ఉంటాయి. కాడ మాత్రం జానెడు ఎత్తుకి లేచి, అక్కడ తెల్లటి పూలు విప్పుతుంది. అంత దూరం ఎందుకో కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. పువ్వు కాయ కావాలంటే పుప్పొడి మోసే పురుగు రావాలి. కింద ఆకు కడుపు నిండాలంటే పురుగు చావాలి. పెళ్లి చేయించడానికి వచ్చిన పురోహితుణ్ణే వండుకు తింటే పెళ్లెలా జరుగుతుంది?

ఇంత ఆసక్తికరమైన చిక్కు కళ్లెదుట ఉన్నా, రెండున్నర శతాబ్దాల పాటు మనుషుల చూపు నోటి మీదే ఉండిపోయింది. ఫ్లైట్రాప్ గురించి మనకి తెలిసిన మొదటి ఉత్తరం 1759 నాటిది. అడవిలో దాని పుప్పొడిని ఎవరు మోస్తారన్నది తేలింది 2018లో. మధ్యలో ఉన్న 259 ఏళ్లలో ఇలాంటి మొక్కల పువ్వుని పట్టించుకున్నవాళ్లు ఎక్కువగా ఇంట్లోనో గాజు గదిలోనో కుండీలు పెట్టుకుని, పుప్పొడిని స్వయంగా చేత్తో మోసినవాళ్లు. ఈ వ్యాసం ఆ చేతుల గురించి.

*

ఆర్థర్ డాబ్స్ ఐర్లండ్ భూస్వామి. 1754లో అమెరికాలోని ఉత్తర కరోలినాకి బ్రిటిష్ గవర్నరుగా వెళ్లాడు. లండన్‌లో పీటర్ కాలిన్సన్ అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. వ్యాపారం కన్నా మొక్కల మీదే మనసెక్కువ. 1759 ఏప్రిల్‌లో డాబ్స్ ఆయనకి రాసిన ఉత్తరంలో, ఈగల్ని పట్టే వింత మొక్క ఒకటి ఇక్కడ ఉందని ఒక ముక్క రాశాడు. మరుసటి జనవరిలో ఇంకొంచెం వివరంగా రాశాడు. ఆకు రెండు చెక్కలుగా ఉంటుందనీ, నక్కల్ని పట్టే ఇనప బోనులా చటుక్కున మూసుకుంటుందనీ. అదే ఉత్తరంలో, తెల్లటి పువ్వు పూస్తుందని కూడా ఒక పొట్టి వాక్యం ఉంది. అంతే. ఆ తర్వాత పువ్వు ఊసు లేదు.

ఇందులో నాకు వింతగా అనిపించేది ఏమిటంటే, పువ్వు గురించి అంత తక్కువ రాసిన ఈ మనిషి పువ్వుల గురించి తెలియనివాడు కాదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1750లో, లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆయన ఉత్తరం ఒకటి అచ్చయింది. అది తేనెటీగల మీద. ఒక తేనెటీగ ఒక విడత బయల్దేరితే ఒకే జాతి పూల మీద వాలుతుందనీ, అది ఒంటికి పూసుకొచ్చిన పొడి ఆడభాగానికి తగిలితేనే గింజ కట్టేదనీ, కలగాపులగంగా అన్ని పూల మీదా వాలితే జాతులన్నీ కలిసిపోయేవనీ అందులో గమనించాడు. పురుగులు పుప్పొడి మోస్తాయని యూరప్‌లో రాసిపెట్టిన మొదటివాళ్లలో ఆయనొకడు.

అంటే, తేనెటీగ పువ్వుకి చేసే పని తెలిసినవాడూ ఫ్లైట్రాప్‌ని మొదట వర్ణించినవాడూ ఒక్కడే. ఆ రెంటినీ ఆయన కలపలేదు. కలపడానికి తీరిక లేదేమో. కంటి ముందు ఒక ఆకు చప్పున మూసుకుంటుంటే, పైన కదలకుండా నిలబడ్డ పువ్వుని చూడాలని ఎవరికి తోస్తుంది?

1768లో విలియం యంగ్ అనే మొక్కల వర్తకుడు ఫ్లైట్రాప్‌లని ప్రాణంతో లండన్ చేర్చాడు. జాన్ ఎల్లిస్ అనే వ్యాపారి, ప్రకృతి శాస్త్రవేత్త, వాటిని చూసి డయోనియా మస్సిపులా అని పేరు పెట్టాడు. డయోనె అంటే గ్రీకు పురాణాల్లో ప్రేమదేవత తల్లి. మస్సిపులా అంటే లాటిన్‌లో నిజానికి ఎలుకల బోను. ఈగల బోను అనబోయి ఎల్లిస్ అలా రాశాడని అంటారు. పేరు అలాగే నిలిచిపోయింది. ఈ మొక్క పురుగుల్ని పట్టేది తినడానికేనని ఎల్లిస్ ఊహించి, స్వీడన్‌లో ఉన్న లినేయస్‌కి రాశాడు.

లినేయస్ ఇది ప్రకృతిలో ఒక అద్భుతమని మెచ్చుకున్నాడు కానీ, తిండి సంగతి ఒప్పుకోలేదు. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకున్నట్టు ఇదీ ముడుచుకుంటుంది, లోపలి పురుగు గింజుకోవడం మానేస్తే వదిలేస్తుంది అని ఆయన లెక్క. మొక్కల్ని కేసరాల్నీ కీలాల్నీ లెక్కపెట్టి వర్గీకరించిన మనిషి ఆయన. జీవితమంతా పువ్వునే చూసినవాడు నోటిని నమ్మలేదు. నోటిని నమ్మినవాళ్లు పువ్వు వైపు చూడలేదు. 1834లో ఉత్తర కరోలినాలోనే మోజెస్ కర్టిస్ అనే మతాచార్యుడు మూసుకున్న ఆకుల్ని విప్పి చూసి, లోపల ఒక ద్రవం ఊరి పురుగు కరిగిపోతోందని రాసినా, పెద్దవాళ్లెవరూ అంతగా పట్టించుకోలేదు.

*

1860 వేసవిలో చార్లెస్ డార్విన్ ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో బంధువుల ఊరికి విశ్రాంతి కోసం వెళ్లాడు. జాతుల పుట్టుక మీద ఆయన పుస్తకం అచ్చయి ఏడాది కూడా కాలేదు. దేశమంతా దాని మీద గొడవ. ఆయన మాత్రం బురదనేలలో డ్రాసెరా మొక్కల దగ్గర కూర్చుండిపోయాడు. డ్రాసెరా ఆకు నిండా ఎర్రటి వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక చివర తుమ్మజిగురు లాంటి బొట్టు. ఆ జిగురుకి అంటుకున్న పురుగులు ఎన్నున్నాయో చూసి ఆశ్చర్యపోయి, కొన్ని మొక్కల్ని ఇంటికి పట్టుకొచ్చాడు. పాలు, గుడ్డు తెల్లసొన, మాంసం ముక్క, ఇలా వంటింట్లో దొరికినవన్నీ ఆకుల మీద పెట్టి చూశాడు. భార్య ఎమ్మా ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో నవ్వుకుంది: ఇదొక జంతువని నిరూపించాలని ఈయన ఆశ అని. పదిహేనేళ్ల తర్వాత, 1875లో, కీటకాహార మొక్కల మీద పుస్తకం వచ్చింది. మొక్క పురుగుని అరిగించుకుంటుందన్న మాట అక్కడితో స్థిరపడింది.

ఆ పుస్తకం అందరికీ తెలుసు. మరుసటి ఏడాది, 1876లో, ఆయన ఇంకో పుస్తకం వేశాడు. అది పుప్పొడి గురించి. ఒక పువ్వు తన పుప్పొడితోనే గింజ కడితే ఏమవుతుంది, వేరే మొక్క పుప్పొడి తగిలితే ఏమవుతుంది అన్నది ప్రశ్న. పదకొండేళ్ల పాటు, తన డౌన్ గ్రామం ఇంట్లో, మొక్కల మీద వలలు కప్పి పురుగుల్ని ఆపి, పుప్పొడిని స్వయంగా చేత్తో అంటించాడు. రెండు రకాల గింజల్నీ మొలకెత్తించి, ఒకే కుండీలో అటొకటి ఇటొకటి నాటి, ఎత్తు కొలిచాడు. మార్నింగ్ గ్లోరీ తీగని పది తరాల పాటు అలా కొలిస్తే, పరపరాగ సంపర్కంతో పుట్టిన మొక్కలు 100 అంగుళాలుంటే ఆత్మపరాగ సంపర్కంతో పుట్టినవి 77 దగ్గర ఆగాయి.

ఇదేదో తోట పని ముచ్చట అనుకుంటే పొరపాటు. ఎమ్మా ఆయనకి మేనమామ కూతురు. మన లెక్కలో అచ్చమైన మేనరికం. వాళ్లకి పదిమంది పిల్లలు పుడితే ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. మిగిలినవాళ్ల ఆరోగ్యం గురించి ఆయన జీవితమంతా బెంగపడ్డాడు. 1871 జనాభా లెక్కల్లో దగ్గరి బంధువుల పెళ్లిళ్ల మీద ఒక ప్రశ్న చేర్చమని పార్లమెంటులో అడిగించాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ప్రభుత్వం లెక్కపెట్టనన్నదాన్ని ఆయన కుండీల్లో లెక్కపెట్టాడు. మేనరికాల మీద ఇప్పటికీ ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే మనకి, ఆ వలల కింద వంగి కూర్చున్న మనిషి పరాయివాడిగా తోచడు.

అయినా లోకానికి 1875 పుస్తకమే గుర్తుండిపోయింది. తర్వాత వచ్చిన కథల్లో మనుషుల్ని మింగే చెట్లు పుట్టాయి. నోరు కథకి పనికొస్తుంది. పుప్పొడి అంటించడం పనికిరాదు.

నోటినీ పువ్వునీ ఒక్కచోట కలిపింది డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్. తండ్రి పుస్తకం వచ్చాక కొందరు న్యాయమైన ప్రశ్నే వేశారు. సరే, మొక్క పురుగుని అరిగించుకుంటుంది. దానివల్ల మొక్కకి ఒరిగేదేమిటి? తిండి పెట్టకపోయినా డ్రాసెరా పచ్చగానే ఉంటుంది కదా? 1877 వేసవిలో ఫ్రాన్సిస్ ఆరు సూపు పళ్లేల్లో డ్రాసెరాలని నాటి, ఒక్కో పళ్లేనికి మధ్యలో అడ్డచెక్క పెట్టాడు. పురుగులు రాకుండా పైన సన్నటి గుడ్డ కప్పాడు. ఒకవైపు మొక్కలకి చిన్న చిన్న వేపుడు మాంసం తునకలు పెట్టాడు. రెండోవైపు పస్తులుంచాడు. వేసవి చివర్లో అన్నీ లెక్కపెట్టాడు.

తిన్న వైపు పూకాడలు ఒకటిన్నర రెట్లకి పైగా వచ్చాయి. గింజల సంఖ్య 100కి 241. మొత్తం గింజల బరువు 100కి దాదాపు 380. ఆకుల్లో కూడా తేడా ఉంది కానీ, అసలు తేడా గింజల్లో. అంటే మొక్క తిన్నదంతా పైకి పంపిస్తోంది. ఆకు వేటాడేది పువ్వు కోసం, రేపటి గింజ కోసం. ఈ ప్రయోగం గురించి చదివాక నేను ఫ్లైట్రాప్ నోటిని ఇదివరకటిలా చూడలేదు. అది ఇంట్లో పిల్లల ఫీజుల కోసం రాత్రి షిఫ్టు చేసే మనిషిలా కనబడింది.

*

ఇదే కాలంలో, ఏ సిద్ధాంతంతోనూ పని లేకుండా, బతుకుతెరువు కోసం ఈ పువ్వుల్ని చూస్తున్న మనుషులు ఇంకొందరున్నారు. లండన్‌లో చెల్సీ దగ్గర వీచ్ కుటుంబానికి పెద్ద నర్సరీ ఉండేది. వాళ్ల మనుషులు బోర్నియో, జావా అడవుల్నించి నెపెంథిస్ మొక్కలు తెచ్చేవాళ్లు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో మనం కూజా మొక్క అని చదువుకున్నది అదే. ఆకు కొస కూజాలా తయారై, అడుగున ఊరిన ద్రవంలో పురుగులు పడి మునుగుతాయి. గాజు గదిలో ఆవిరి పట్టించి పెంచిన ఈ మొక్కలంటే అప్పటి ధనవంతులకి మోజు.

నెపెంథిస్‌కి ఒక చిక్కుంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పూసేదాకా ఏది ఏదో చెప్పలేం. పూలకి రేకులుండవు. కంకిలాంటి కాడ మీద వందలకొద్దీ చిన్న చిన్న పూలు. దేశం కాని దేశంలో, గాజు గదిలో, ఒక మగ మొక్కా ఒక ఆడ మొక్కా ఒకే వారంలో పూస్తే, వాటి మధ్య పుప్పొడి మోసే పురుగు అక్కడ లేదు. మనిషే మొయ్యాలి. వీచ్ నర్సరీలో జాన్ డామినీ అనే తోటమాలి ఆ పని చేశాడు. అంతకుముందే ఆయన చేత్తో పుప్పొడి అంటించి, మనిషి పుట్టించిన తొలి సంకర ఆర్కిడ్‌ని 1856లో పూయించాడు. జాతుల మధ్య గీతలు గీసుకుని కూర్చున్న వృక్షశాస్త్రజ్ఞులకి అది తలనొప్పి అయింది. 1862లో ఆయన చేతుల మీదుగా వచ్చిన సంకర నెపెంథిస్‌కి ఆయన పేరే పెట్టారు.

ఆ నర్సరీలోనే విలియం కోర్ట్ పుట్టించిన ఒక సంకరానికి మన దేశంతో చుట్టరికం ఉంది. నెపెంథిస్ మాస్టర్సియానా తల్లిదండ్రుల్లో ఒకటి మలయా కొండలది. రెండోది నెపెంథిస్ ఖాసియానా, మేఘాలయలో గారో, ఖాసీ, జైంతియా కొండల మొక్క. భారతదేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క అదొక్కటే. గారోలు దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, దెయ్యం బుట్ట అని అర్థం. ఖాసీలో దాని పేరుకి రాక్షస పువ్వు అని అర్థం. ఆ కూజా నిజానికి ఆకు. అసలు పువ్వు పక్కన సన్నటి కంకిలా ఎవరి కంటా పడకుండా ఉంటుంది. నోటిని పువ్వనుకోవడం ఒక్క యూరప్ అలవాటే కాదన్నమాట.

1914లో చెల్సీ నర్సరీ మూతపడింది. యుద్ధం వచ్చాక గాజు గదుల్ని వెచ్చబెట్టే బొగ్గుకీ మనుషులకీ కరువొచ్చింది. సంకరాలంటే కొమ్మ నాటుకుని కాపాడుకోవాల్సిన మొక్కలు. ఎక్కడో అడవిలో వాటికి ఇంకో ఊరు లేదు. చూసుకునే చెయ్యి ఆగిపోయాక వాటిలో చాలా రకాలు మళ్లీ కనబడకుండా పోయాయి.

*

నేను చేసే పని వీటన్నిటి ముందూ చాలా చిన్నది, కానీ పద్ధతి అదే. ఫ్లైట్రాప్ పువ్వు విప్పుకున్న రోజు దాని కేసరాల మీద పసుప్పచ్చటి పుప్పొడి సిద్ధంగా ఉంటుంది. మధ్యలో కీలం మాత్రం నున్నటి పుల్లలా ఉంటుంది, ఇంకా తయారు కాలేదు. ఒకటి రెండు రోజులు ఆగితే దాని కొస కుచ్చులా విచ్చుకుంటుంది. అప్పటికి ఆ పువ్వు సొంత పుప్పొడి వేళ దాదాపు దాటిపోయి ఉంటుంది. తన పుప్పొడి తనకే తగలకుండా మొక్క చేసుకున్న ఏర్పాటిది. కాబట్టి ఇవాళ విప్పిన పువ్వు నుంచి తీసి మొన్న విప్పిన పువ్వుకి అంటించాలి. వీలైతే వేరే మొక్క పువ్వుకి. కుదిరితే నాలుగు రోజుల్లో రేకులు నల్లబడి ముడుచుకుంటాయి. నెల పైన కొన్ని రోజులకి కాయ పగిలి, నువ్వు గింజ కన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడే గింజలు బయటపడతాయి. వాటిని నాటితే పూసే మొక్క కావడానికి మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఇంత ఓపిక అనవసరమని చాలామంది పెంపకందార్లు పూకాడ లేవగానే కత్తిరించేస్తారు. పూస్తే మొక్క నీరసిస్తుంది, బోన్లు చిన్నవవుతాయి అని. మాట అబద్ధం కాదు. ఫ్రాన్సిస్ లెక్కని తిరగేసి చదివినట్టే అది. బలమంతా గింజకి పోతుంది కాబట్టి గింజని ఆపేస్తే నోరు పెద్దదవుతుంది. బజార్లో అమ్మేది నోటినే కదా.

ఒక ఏప్రిల్‌లో గద్వాల దగ్గర పల్లె నుంచి మా పెద్దమ్మ వచ్చింది. పొద్దున్నే బాల్కనీలో సన్న బ్రష్షు పట్టుకుని కూర్చున్న నన్ను చూసి, "ఏంరా, క్రాసింగ్ చేస్తున్నవా?" అంది. అవును పెద్దమ్మా అన్నాను. "ఎన్ని పూలు?" నాలుగు. నవ్వు ఆపుకుంది. "బ్రష్షెందుకు మళ్ల? మగ పువ్వునే తీస్కొని తాకియ్యి. మేం అట్లనే చేసేటోళ్లం."

క్రాసింగ్ అనేది ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన మాట. సీడు పత్తి చేలల్లో చేసే పని అది. 1970లో గుజరాత్‌లో మన దేశపు మొదటి సంకర పత్తి విడుదలయ్యాక, ఆ గింజలు తయారు చెయ్యడమే ఒక సాగు అయింది. తర్వాత అది కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు విస్తరించింది. పత్తి పువ్వులో ఆడా మగా కలిసే ఉంటాయి. కాబట్టి రేపు విప్పబోయే మొగ్గని ఇవాళ మధ్యాహ్నం గోటితో విప్పి, కేసరాలన్నీ గిల్లేసి, గుర్తు కట్టాలి. మర్నాడు పొద్దున వేరే చాళ్ల నుంచి మగ పువ్వు కోసుకొచ్చి కీలానికి రాయాలి. ఒక్కో పువ్వుకీ ఇంతే, చేనంతా, రోజూ, రెండు మూడు నెలలు. చెట్టు పొట్టి, వేళ్లు సన్నగా ఉండాలి అనే సాకుతో ఆ పనికి ఆడపిల్లల్ని బడి మాన్పించి పెట్టారు. 1990ల నుంచీ దాని మీద నివేదికలు వచ్చాయి, గొడవలు జరిగాయి. డామినీ పేరు ఒక మొక్కకి ఉంది, కోర్ట్ పేరు ఒక మొక్కకి ఉంది. పత్తి గింజ సంచీ మీద కంపెనీ పేరుంటుంది.

పెద్దమ్మ చెప్పినట్టే చేశాను. చిన్న పట్టకారుతో మగ దశలో ఉన్న పువ్వుని తుంచి, కుచ్చు విచ్చుకున్న కీలానికి రెండుసార్లు తాకించాను. బ్రష్షు కన్నా అదే మేలు. పుప్పొడి వెంట్రుకల్లో ఇరుక్కుని వృథా కాదు. విదేశాల్లో ఫ్లైట్రాప్ గింజలు తీసేవాళ్లు కూడా చాలామంది అలాగే చేస్తారని తర్వాత తెలిసింది.

*

మనిషి చెయ్యి లేని చోట, అంటే ఫ్లైట్రాప్ సొంత ఊళ్లో, ఈ పని ఎవరిది? ఆ మొక్క సహజంగా పెరిగేది భూమ్మీద ఒక్కచోటే. ఉత్తర, దక్షిణ కరోలినాల తీరంలో, విల్మింగ్టన్ ఊరి చుట్టుపక్కల, తడి ఇసుకనేలల పైన్ వనాల్లో. అక్కడి ఉత్తర కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎల్సా యంగ్‌స్టెడ్, రెబెకా అర్విన్, క్లైడ్ సోరెన్సన్ తదితరులు పూలు పూసే వారాల్లో ఆ వనాలకి వెళ్లి, పూల మీద వాలిన పురుగుల్ని పట్టుకుని ఒంటి మీద ఎంత పుప్పొడి ఉందో చూశారు. అదే సమయంలో బోన్లు విప్పి, లోపల ఎవరున్నారో చూశారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి.

పూల మీద దొరికినవి దాదాపు 100 రకాలు. వాటిలో బోన్లలో కూడా దొరికినవి 13 రకాలు మాత్రమే. పుప్పొడి ఎక్కువగా మోసేవి మూడు: ఆకుపచ్చగా మెరిసే ఒక చిన్న తేనెటీగ, రెండు రకాల పెంకు పురుగులు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా ఏ బోనులోనూ దొరకలేదు. పూల దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెక్కలున్నవాళ్లు. బోన్లలో పడేవాళ్లలో ఎక్కువమంది నేల మీద నడిచేవాళ్లు: చీమలు, సాలీళ్లు, పెంకు పురుగులు. ఈగల బోను అనే పేరు కూడా పూర్తిగా నిజం కాదన్నమాట. పురోహితుడు మేడ మీదికి ఎగురుతూ వస్తాడు, భోజనం కింద నడుచుకుంటూ వస్తుంది. జానెడు కాడ చేసే పని అది. రంగుకీ వాసనకీ కూడా ఇందులో వాటా ఉండొచ్చని ఆ పరిశోధకుల ఊహ.

తేనెటీగల గురించి రాసిన డాబ్స్‌కి ఆ మెరిసే తేనెటీగ తన సొంత రాజ్యంలోనే ఉండేది. అది పత్రికలకెక్కడానికి అన్నేళ్లు పట్టింది. ఇది తెలుసుకోవడం శాస్త్రానికి ముచ్చట తీర్చుకోవడం మాత్రమే కాదు. ఆ వనాలు అప్పుడప్పుడూ నేల మంటలు పడితేనే తెరిపిగా ఉంటాయి. మంటలు ఆపేస్తే పొదలు పెరిగి ఫ్లైట్రాప్ మీద నీడ పడుతుంది. అందుకని అటవీశాఖలు కావాలని నిప్పు పెడతాయి. ఎప్పుడు పెట్టాలి? ఆ తేనెటీగ, ఆ పెంకు పురుగులు ఎక్కడ గూడు కట్టుకుంటాయో, ఎప్పుడు తిరుగుతాయో తెలియకపోతే మొక్కని కాపాడి పురోహితుణ్ణి కాల్చేసినట్టవుతుంది.

మొక్కని తవ్వుకుపోయేవాళ్లు సరేసరి. ఉత్తర కరోలినాలో ఫ్లైట్రాప్ దొంగతనం 2014 డిసెంబర్ నుంచి జైలు పడే పెద్ద నేరం. అంతకుముందు చిన్న జరిమానాతో పోయేది. మన నెపెంథిస్ ఖాసియానా అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపుగా నిషేధించే సైటిస్ మొదటి జాబితాలో ఉంది. దక్షిణ గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర ఆ మొక్క కోసమే చిన్న అభయారణ్యం ఉంది. దాని విషయంలో మగా ఆడా వేరు కావడం అసలు ప్రమాదం. ఒక కొండవాలులో పది మొక్కలు మిగిలినా, అన్నీ మగవైతే అక్కడ గింజ కథ ముగిసినట్టే. కూజా బాగుందని తవ్వుకుపోయేవాడికి అది మగో ఆడో తెలియదు.

ఇంటి పెంపకందార్ల చేతులకి ఇక్కడ ఒక విలువ ఉంది, ఒక హద్దూ ఉంది. నెపెంథిస్ పెంచేవాళ్లు మగ పువ్వు పుప్పొడిని కాగితంలో మడిచి ఫ్రిజ్‌లో పెట్టి, ఆడ మొక్క పూసిన వేరే ఊరివాళ్లకి పోస్టులో పంపుకుంటారు. అలా కట్టిన ప్రతి గింజా, కొనాలనుకునేవాడికి కొండ మీంచి తవ్విన మొక్క కాకుండా కుండీలో పుట్టిన మొక్క దొరికేలా చేస్తుంది. ల్యాబుల్లో కణజాల వర్ధనంతో లక్షల్లో తయారయ్యే ఫ్లైట్రాప్‌లూ ఆ పని చేస్తాయి. అయితే అవి ఒకే మొక్కకి నకళ్లు, గింజ నుంచి వచ్చిన ప్రతిదీ కొత్తది. హద్దు ఎక్కడంటే, నా కుండీలో గింజ కరోలినా వనానికి బదులు కాదు. దాన్ని తీసుకెళ్లి అక్కడ నాటకూడదు కూడా. ఏ వాలులో ఏ మొక్క పిల్లో తెలియనిది అక్కడ కొత్త తలనొప్పి. పైగా ఫ్రిజ్‌లోంచి వచ్చిన పుప్పొడికి ఆ ఆకుపచ్చ తేనెటీగతో పరిచయం లేదు. వీచ్ నర్సరీ కథ చెప్పేదీ ఇదే. చేతి మీదే ఆధారపడ్డ మొక్క ఆ చెయ్యి ఉన్నన్నాళ్లే.

కీటకాహార మొక్కలంటే ఎక్కడో దూరదేశాలవని అనుకుంటాం. తెలంగాణ, ఆంధ్రల్లో డ్రాసెరాలు మామూలుగానే ఉన్నాయి. వానాకాలం వెళ్లి చలి మొదలయ్యే రోజుల్లో, చెరువు వెనక తడి ఇసుకనేల మీదో, నీరు ఊరే ఎర్రమట్టి వాలు మీదో, డ్రాసెరా బర్మనీ నేలకి అంటుకుని ఉంటుంది. రూపాయి బిళ్లకి కాస్త పెద్దది, ఎర్రగా, జిగురు బొట్లతో మెరుస్తూ. పురుగు తగిలితే దాని వెంట్రుకలు సెకన్లలో వంగుతాయి. జాతి మొత్తంలో వేగమైన వాటిలో అదొకటి. నోరు అంత చురుకైనది. పువ్వు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఎండ బాగున్న రోజు కాసేపు తెల్లగా విప్పి, ఎవరూ రాకపోతే ముడుచుకునేటప్పుడు తన పుప్పొడి తనే అంటించుకుంటుంది. నేల ఎండేలోపు గింజలు రాల్చి చచ్చిపోతుంది. మళ్లీ వానకి గింజలోంచి లేస్తుంది.

దానికి బ్రష్షు అక్కర్లేదు, పట్టకారు అక్కర్లేదు, పెద్దమ్మ సలహా అక్కర్లేదు. ఆ తడి నేల మీద వెంచర్ పడకుండా ఉంటే చాలు. నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో మీ ఊరి చెరువు వెనక్కి వెళ్తే, అడుగు చూసుకుని వెయ్యండి. కనబడితే మోకాళ్ల మీద కూర్చోండి. ఏం పట్టిందో చూశాక, తల కొంచెం పైకెత్తి కాడ కొసన ఏముందో కూడా చూడండి. పొద్దున తొమ్మిది దాటాక వెళ్తే పువ్వు విప్పి ఉండొచ్చు.